కొనేది ఒకరు, డబ్బు వేసేది ఇంకొకరు అయితే కారు ఇవ్వొచ్చా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. వయసు 67. రాజమండ్రిలో ఉంటున్నాం. కంటి ఆపరేషన్ తర్వాత డ్రైవింగ్ బాగా తగ్గించేశాను. త్వరలో బెంగళూరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాం. 2017లో కొన్న స్విఫ్ట్ డిజైర్‌ని అమ్ముదామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. 4 లక్షల 25 వేలు చెప్పాను. మొదట ఆర్మీ ఆఫీసర్నంటూ ఒకాయన ఫోన్ చేశాడు. ‘రూపాయి పంపుతాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి’ అనేసరికి అనుమానం వచ్చి పెట్టేశాను. తర్వాత హనుమకొండ నుంచని ఇంకొకతను మాట్లాడాడు. చాలా మర్యాదస్తుడు, అసలు బేరమే ఆడలేదు. ‘నేను పని మీద ఒడిశాలో ఉన్నాను. మా తమ్ముడు వచ్చి బండి చూసి తీసుకెళ్తాడు. ఇంట్లో ఆస్తి గొడవలున్నాయి, వాడి దగ్గర రేటు సంగతి మాత్రం ఎత్తకండి. డబ్బు మా పార్ట్‌నర్ అకౌంట్ నుంచి ఆర్‌టీజీఎస్ చేయిస్తాను. ఆర్సీ, ఫారాల మీద సంతకాలు పెట్టి తమ్ముడికి ఇచ్చేయండి, పేరు మార్పిడి మేం చూసుకుంటాం’ అన్నాడు. ఆదివారం తమ్ముడు వస్తాడట. కాదంటే మంచి బేరం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అతనికి ఏం జవాబు చెప్పమంటారు?
— ఒక మాస్టారు, రాజమండ్రి

సమాధానం: మాస్టారూ, ముందు ఆదివారం ఎవరినీ రమ్మనకండి. అతను మంచివాడో కాదో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ మీ ఉత్తరంలో ఒక్క కారు చుట్టూ ముగ్గురు కనిపిస్తున్నారు. మాట్లాడేది ఒకరు, బండి తీసుకెళ్లేది ఒకరు, డబ్బు వేసేది మరొకరు. ఆర్సీలో ఎవరి పేరు ఎక్కుతుందో అసలు చెప్పనే లేదు. దూరం నుంచి కొనేవాళ్లకు బండి అమ్మేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్క విషయంలోనే. డబ్బు ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో ఆ మనిషి చేతికే తాళం ఇవ్వాలి, ఆర్సీ కూడా ఆ మనిషి పేరు మీదికే మారాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

‘రేటు సంగతి ఎత్తకండి’ అన్న మాట చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఈ మోసం ఎలా నడుస్తుందో చెబుతాను. మీ ప్రకటనలోని ఫొటోలు తీసుకుని, అదే కారుని ఇంకోచోట 3 లక్షలకే ఇస్తామని ఒకడు ప్రకటన పెడతాడు. నిజంగా కారు కావలసిన మనిషి ఎవరో దానికి ఫోన్ చేస్తాడు. వాడు అతనితో, ‘బండి రాజమండ్రిలో మా బాబాయి దగ్గర ఉంది. వెళ్లి చూసుకోండి, ఆయన దగ్గర రేటు మాట మాత్రం ఎత్తకండి’ అంటాడు. మీకేమో వస్తున్నది తన తమ్ముడని చెబుతాడు. ఆ వచ్చిన మనిషి బండి చూస్తాడు, బానెట్ ఎత్తి చూస్తాడు, వీధి చివరిదాకా నడిపి చూస్తాడు, నచ్చుతుంది. మీ ముందే ఫోన్ చేసి ‘ఓకే అన్నా’ అంటాడు. మీకు అది అన్నదమ్ముల మాటలాగే వినిపిస్తుంది. అతను అక్కడే నిలబడి 3 లక్షలూ వాడి అకౌంట్‌కి వేసేస్తాడు. తర్వాత తాళం ఇవ్వమని మీ వైపు చెయ్యి చాపుతాడు. మీకు మాత్రం పైసా రాలేదు. ‘డబ్బు కట్టాను’ అని అతను, ‘నాకు రాలేదు’ అని మీరు, గేటు దగ్గర గొడవ. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మూడోవాడి ఫోన్ అప్పటికే స్విచాఫ్ అయి ఉంటుంది. కొన్నిసార్లు మీ ఫోన్‌కి కూడా డబ్బు జమ అయినట్టు ఒక దొంగ మెసేజ్ పంపుతాడు. అది నమ్మి తాళం ఇచ్చేస్తే బండి కూడా పోతుంది.

దీన్ని ఆపడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. బండి చూడటానికి వచ్చిన మనిషిని మొదటి నిమిషంలోనే అడిగేయండి. ‘బాబూ, మీరు ఎంతకు కొంటున్నారు? డబ్బు ఎవరికి కడుతున్నారు?’ అని. ఇది అడగొద్దు అని ఎవరైనా అన్నారంటే, తప్పకుండా అడగాల్సింది అదే.

ఇక పార్ట్‌నర్ అకౌంట్ సంగతి. నేను చాలా ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. ఒకరోజు ఒక కుర్రాడు వచ్చి, ఏటీఎంలో డబ్బు రావడం లేదన్నాడు. సిస్టమ్‌లో చూస్తే అకౌంట్ మీద పోలీసుల హోల్డ్ ఉంది. అంతకు కొద్దివారాల ముందు అతను పాత బైకు అమ్మాడు. కొన్నవాడు తన అకౌంట్ నుంచి కాకుండా వేరే అకౌంట్ నుంచి డబ్బు వేయించాడు. ఆ డబ్బు ఇంకో రాష్ట్రంలో ఎవరో ఒకావిడ ఆన్‌లైన్ మోసంలో పోగొట్టుకున్నది. ఆవిడ ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో చూసుకుంటూ వచ్చి ఇతని అకౌంట్ దగ్గర ఆగారు. బైకు డబ్బుతో పాటు జీతం కూడా ఇరుక్కుపోయింది. అమ్మినట్టు కాగితం చూపించమంటే అతని దగ్గర ఒక్కటీ లేదు. కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టుకుని, ‘నేనేం తప్పు చేశాను మేడం’ అని అతను అడగడం నాకింకా గుర్తుంది. మీ పెన్షన్ అకౌంట్‌కి అలాంటి గతి పట్టకూడదు.

అందుకని రెండు పనులు చేయండి. ఈ డబ్బు పెన్షన్ పడే అకౌంట్‌లోకి తీసుకోకండి. మీకో, అమ్మగారికో ఇంకో సేవింగ్స్ అకౌంట్ ఉంటే దాని నంబరే ఇవ్వండి. రెండోది, అసలు మొత్తానికి ముందు కొనే మనిషిని అతని సొంత బ్యాంకు అకౌంట్ నుంచి ఓ 100 రూపాయలు వేయమనండి. మీరు స్కాన్ చేయాల్సింది, నొక్కాల్సింది ఏమీ లేదు. పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే ఎవరి పేరు నుంచి పడిందో కనిపిస్తుంది. ఆ పేరు, అతని ఆధార్‌లో పేరు, ఆర్సీ ఎవరి పేరుకు మారాలో ఆ పేరు ఒకటే అయితే ముందుకెళ్లండి. లేకపోతే ఎంత మర్యాదస్తుడైనా సరే, వద్దనండి. భార్యాభర్తలైతే? ఎవరి డబ్బో వాళ్ల పేరు మీదే బండి రాయించుకోమనండి, సరిపోతుంది.

ఆర్మీ ఆయన ఫోన్ పెట్టేసి మంచిపని చేశారు. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగిందంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందనే అర్థం. 4 లక్షలకు యూపీఐ ఎలాగూ కుదరదు, ఒకరికొకరు పంపుకోవడానికి మామూలుగా రోజుకు లక్షే పరిమితి. 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపడానికి ఆర్‌టీజీఎస్ ఉంది, 2020 డిసెంబర్ నుంచి అది రోజంతా, సెలవురోజుల్లో కూడా పనిచేస్తోంది. కాబట్టి ‘ఈరోజు బ్యాంకు సెలవు, సోమవారం పడుతుంది, బండి మాత్రం పంపేయండి’ అనే మాట చెల్లదు. మొత్తం నగదుగా ఇస్తానన్నా ఒప్పుకోకండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. జరిమానా తీసుకున్నంత మొత్తం వేస్తారు, అది కూడా తీసుకున్నవాళ్లకే. డీడీ తెస్తే, అది మీ అకౌంట్‌లో క్లియర్ అయ్యేదాకా బండి కదలకూడదు. మెసేజ్‌ని మాత్రం ఎప్పుడూ నమ్మకండి, బ్యాలెన్స్ చూసుకోండి.

ఇప్పుడు సంతకాల విషయం. మా పెద్ద మేనమామ తన పాత కారుని ఒక ఏజెంటుకి అమ్మాడు. ఫారాల మీద కొన్నవాళ్ల పేరు, తేదీ రాసే చోట్లు ఖాళీగా వదిలేసి కింద సంతకాలు పెట్టాడు. ‘పార్టీ దొరకగానే నింపుకుంటాం’ అన్నారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అమ్మినట్టు రాయించుకుని, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. మూడేళ్లకు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది. ఆ కారు ఎక్కడో ఒక మనిషిని గుద్దింది, దానికి ఇన్సూరెన్స్ లేదు, ఆర్సీలో పేరు మాత్రం మామయ్యదే. ఆ ప్లాస్టిక్ కవర్ పట్టుకుని ఆయన కోర్టు చుట్టూ తిరుగుతుంటే నేను కూడా రెండుసార్లు తోడు వెళ్లాను. లాయరుగారు దాన్ని చూసి, ‘ఇది మీకూ కొన్నవాడికీ మధ్య పనికొస్తుంది సార్. దెబ్బ తిన్నవాళ్ల దృష్టిలో ఓనరు మీరే’ అన్నారు.

తర్వాత 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇదే మాట స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో మొదటి ఓనరు 2007లోనే కారు అమ్మేశానన్నాడు. ఆ తర్వాత అది ఇంకొందరి చేతులు మారింది. ప్రమాదం జరిగింది 2009లో. అయినా పరిహారం బాధ్యత ఆర్సీలో ఇంకా పేరున్న ఆ మొదటి మనిషిదేనని తీర్పు. 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా చేతులు మారిన సెకండ్ హ్యాండ్ బండే. దాన్ని ఎప్పుడో అమ్మేసిన పాత ఓనరుని కూడా పోలీసులు తీసుకెళ్లి ప్రశ్నించారు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు మాస్టారూ. ‘పేరు మార్పిడి మేం చూసుకుంటాం’ అన్న మాటకు ఎంత బరువుందో తెలియాలని చెబుతున్నాను.

మీ కేసులో ఇంకో మెలిక ఉంది. బండి ఆంధ్రది, కొనేవాళ్లు తెలంగాణ. ఆర్సీ అక్కడికి మారాలంటే ముందు ఇక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకోవాలి. అది ఫారం 28. పాత చలాన్లు కట్టి ఉండాలి. కారు లోను మీద కొని ఉంటే, లోను తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూసుకోండి. చాలామంది ఇది మర్చిపోతారు. ఉంటే బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్, ఫారం 35 తీసుకుని ముందు దాన్ని తీసేయించాలి. అక్కడికి వెళ్లాక కొన్నవాళ్లు తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే కొందరు ఏళ్ల తరబడి ఆంధ్ర నంబరు మీదే తిప్పుతుంటారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. కానీ అలా తిప్పినన్నాళ్లూ చలాన్లు మీకే వస్తాయి. అందుకే పన్ను ఎంత అవుతుందో ముందే కనుక్కుని రమ్మనండి. ఆ లెక్క వేసుకుని వచ్చిన మనిషే నిజంగా పేరు మార్చుకుంటాడు.

ఎన్‌ఓసీలో మనకు ఒక లాభం కూడా ఉంది. అది ఏ ఆర్టీవో ఆఫీసు పరిధికి వెళ్తోందో అందులో రాయాలి. అంటే కొనేవాళ్ల అడ్రస్ ప్రూఫ్ మీకు ముందే అందాలి. దొంగవాడు సరిగ్గా అక్కడే జారుకుంటాడు. 10 వేలో 20 వేలో అడ్వాన్స్ అతని సొంత అకౌంట్ నుంచి తీసుకోండి, అది ఎందుకోసమో వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకోండి, ఆ తర్వాతే ఎన్‌ఓసీకి పెట్టండి. మీ ఆర్సీ, ఆధార్ కాపీలు అడిగితే వాటి మీద అడ్డంగా ‘ఈ కారు అమ్మకం కోసం మాత్రమే’ అని కారు నంబరు, తేదీ రాసి ఫొటో తీసి పంపండి. మీ కాగితాలనే చూపించి వాళ్లు ఇంకొకరిని మోసం చేయకుండా ఉండటానికి ఇది.

బండి చూడటానికి అతను రాలేకపోతే వీడియో కాల్‌లో చూపించండి, లేదా రాజమండ్రిలో తనకు నమ్మకమైన మెకానిక్‌ని పంపమనండి. అందులో తప్పేం లేదు. కానీ డబ్బు వేసి బండి తీసుకెళ్లే రోజు మాత్రం కొనే మనిషి స్వయంగా రావాలి. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారకముందే రాజమండ్రిలో దిగుతాడు. నాలుగు లక్షలు పెట్టేవాడికి ఆ టికెట్ బరువు కాదు.

ఆ రోజు ఆదివారం కాకుండా బ్యాంకు పనిచేసే రోజు చూసుకోండి. ఇంటికి కాకుండా మీ బ్రాంచి దగ్గరికే రమ్మనండి. మీకు తోడుగా పక్కింటివాళ్లనో, మీ పాత స్టూడెంట్‌నో ఒకరిని తీసుకెళ్లండి. టెస్ట్ డ్రైవ్ అడిగితే లైసెన్సు ఒరిజినల్ చూసి, మీరు పక్క సీట్లో కూర్చుని పంపండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి మీరు దిగిపోకండి. అతను ఆర్‌టీజీఎస్ చేశాక మీరు లోపలికెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయించండి. ఆ లైను మీద డబ్బు, పేరు రెండూ మీ కళ్లతో చూశాకే పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, ఫారం 30 తీయండి. అన్ని గళ్లూ, అతని పేరు, అడ్రస్, తేదీతో సహా మీ చేత్తో నింపి అప్పుడు సంతకం పెట్టండి. సంతకాలయ్యాక ప్రతి కాగితాన్నీ ఫొటో తీసుకోండి.

డెలివరీ నోట్ అనేది ఒకటి రాయించుకోవాలి. తెల్ల కాగితం చాలు, రెండు కాపీలు. కారు నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, మీటర్ మీద ఉన్న కిలోమీటర్లు, తీసుకున్న డబ్బు, ట్రాన్సాక్షన్ నంబరు రాయండి. తేదీతో పాటు టైము కూడా రాయండి, ఉదయం 11 గంటల 40 నిమిషాలకు బండి అప్పగించాను అని. అదే రోజు మధ్యాహ్నం ఖమ్మం దాటాక ఏదైనా జరిగితే, అప్పుడు బండి ఎవరి చేతిలో ఉందో చెప్పేది ఆ టైమే. ఇద్దరు సాక్షుల సంతకాలు, కారు పక్కన నిలబెట్టి అతని ఫొటో. తాళాలు రెండూ, స్టెప్నీ, జాకీ ఇచ్చేయండి. కార్లోని సిస్టమ్‌లో మీ ఫోన్ పేరు, కాంటాక్టులు డిలీట్ చేయండి. ఫాస్టాగ్ మీ అకౌంట్‌దే కాబట్టి ఊడదీసి బ్యాంకుకి చెప్పి క్లోజ్ చేయించండి, లేదంటే వాళ్ల ప్రయాణాలకు టోల్ మీరు కడుతుంటారు.

బండి వెళ్లాక పని అయిపోలేదు. అమ్మిన సంగతి మీరు కూడా రవాణా శాఖకు తెలియజేయాలి. అదే రాష్ట్రంలో అయితే 14 రోజులు, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజులు గడువు. కొన్నవాళ్లకు 30 రోజులు. ఇన్సూరెన్స్ కంపెనీకి డెలివరీ నోట్ కాపీతో ఒక మెయిల్ పెట్టండి. పాలసీని తన పేరుకు మార్చమని కొన్నవాళ్లు 14 రోజుల్లోగా అడగాలి. బెంగళూరు వెళ్లిన తర్వాత కూడా ఎం పరివాహన్ యాప్‌లో మీ పాత కారు నంబరు అప్పుడప్పుడు కొట్టి చూడండి, మీ అమ్మాయి చూపిస్తుంది. నెలన్నర దాటినా ఆర్సీలో పేరు మారకపోతే హనుమకొండ ఆర్టీవో ఆఫీసుకి, కొన్నవాళ్లకు డెలివరీ నోట్ కాపీలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇదంతా మీ ఇద్దరి వల్ల కాదనిపిస్తే ఇంకో దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్లు కొని అమ్మే డీలర్లకు రవాణా శాఖ ఆథరైజేషన్ ఇస్తోంది. అలాంటి డీలర్‌కి ఇస్తే, అప్పగించిన విషయం ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో నమోదవుతుంది, అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌దే. బోర్డు చూసి కాదు, ఆ సర్టిఫికెట్ చూసి ఇవ్వాలి. ధర కొంత తగ్గుతుంది. ఊరు వదిలి వెళ్తున్న మీలాంటివాళ్లు ఆ తగ్గింపు భరించడమే నయమని నా అభిప్రాయం. నేనైతే 30, 40 వేలు తగ్గినా అలాగే ఇస్తాను.

ఇక అతనికి ఏం చెప్పాలని అడిగారు. ఫోన్లో కాదు, వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘బాబూ, ఆర్సీ ఎవరి పేరుకు మారాలో వాళ్ల ఆధార్, అడ్రస్ పంపండి. ఎన్‌ఓసీ ఆ అడ్రస్‌కే పెడతాను. అడ్వాన్స్, మిగతా డబ్బు వాళ్ల సొంత అకౌంట్ నుంచే రావాలి, పార్ట్‌నర్ అకౌంట్ నుంచి తీసుకోను. వాళ్లే రాజమండ్రి వచ్చి మా బ్యాంకు దగ్గర డబ్బు వేసి బండి తీసుకెళ్లాలి. మీ తమ్ముడు కొంటున్నట్టయితే అతని నంబర్ ఇవ్వండి, రేటు నేరుగా అతనితోనే మాట్లాడతాను.’

వద్దన్నా ఆదివారం ఎవరైనా వచ్చి గేటు దగ్గర నిలబడితే కసురుకోకండి మాస్టారూ. అతను దూరం నుంచి కారు కోసం వచ్చిన అమాయకుడే కావచ్చు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎవరికైనా డబ్బు కట్టారా అని అడగండి. ఇంకా లేదంటే, కట్టొద్దని చెప్పండి. కట్టేశాను అంటే మాత్రం ఆలస్యం చేయకుండా అక్కడికక్కడే అతని చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.